బడ్జెట్ తగ్గితే ప్రతి స్క్వాడ్రన్‌లో నాలుగు ఫైటర్లు తీసేస్తే సరిపోదా? జయపురం నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

ఒడిశాలోని జయపురంలో మెకానికల్ డిప్లొమా చదువుతున్న ఒకరు మూడు విషయాలు అడిగారు. రక్షణ బడ్జెట్‌లో కోత పడినప్పుడు అన్ని ఫైటర్ స్క్వాడ్రన్ల నుంచి సమానంగా కొన్ని విమానాలు తగ్గించకుండా, ఒక రకాన్ని మొత్తంగా ఎందుకు ఎత్తేస్తారు? 2010లో బ్రిటన్ బాగా ఎగురుతున్న హారియర్లను (నిలువుగా దిగగలిగే ఫైటర్లు) ఎందుకు వదిలేసింది? ఇలాంటి కోత వస్తే మా పక్కనే సునాబెడాలో ఉన్న హెచ్ఏఎల్ కర్మాగారం లాంటి ఇంజిన్ షాపుకు ఏమవుతుంది?

సూటిగా చెప్పాలంటే, విమానాల సంఖ్య తగ్గిస్తే మిగిలే డబ్బు తక్కువ, ఒక రకాన్ని మూసేస్తే మిగిలే డబ్బు ఎక్కువ. డబ్బులో పెద్ద భాగం విమానం మీద కాదు, ఆ రకం వెనక ఉన్న ఏర్పాటు మీద ఖర్చవుతుంది. అయితే ఏ రకాన్ని మూయాలి, ఎప్పుడు మూయాలి అన్నది స్క్వాడ్రన్ల లెక్క చూసి తేల్చకూడదు. ఇంకా ఎన్ని గంటలు ఎగరగలవో చూడాలి. ఎయిర్‌ఫ్రేమ్ (విమానం దేహం) గంటలు, వాటికన్నా ముందు ఇంజిన్ గంటలు. ఇంజిన్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించడం) పనివాడి పక్షపాతం అనుకోండి, కానీ కోతలు బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే.

ఖర్చు ఎక్కడుంటుంది

ఒక రకం ఫైటర్ నడపాలంటే సిమ్యులేటర్ కావాలి. పైలట్లను ఆ రకానికి మార్చే శిక్షణ యూనిట్ కావాలి. ఇంజిన్‌ను బిగించి నడిపి చూసే టెస్ట్ బెడ్, హైడ్రాలిక్, ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్స్) టెస్ట్ బెంచీలు, భాగాలను పట్టి ఉంచే జిగ్గులు, ప్రత్యేక టూల్స్, మాన్యువల్స్, వాటి సవరణలు, మిషన్ సాఫ్ట్‌వేర్ చూసే బృందం, తయారీదారుతో సాంకేతిక సహాయ ఒప్పందం ఉండాలి. ఇరవై విమానాలున్నా అరవై ఉన్నా టెస్ట్ బెడ్ ఒకటే. దాని క్యాలిబ్రేషన్ గడువు విమానాల సంఖ్య చూసి మారదు. విడిభాగాల సరఫరాదారు కూడా కనీస ఆర్డరు అడుగుతాడు. మీకు ఆరు ఫోర్జింగులు (అచ్చులో నొక్కి చేసే లోహపు భాగాలు) చాలినా నలభైకి తక్కువైతే డై (ఆ అచ్చు) ఎక్కించనంటాడు.

జయపురం నుంచి విశాఖకు బస్సులు తిప్పే ఆపరేటర్‌ను అడిగి చూడండి. ముప్ఫై బస్సులు ఒక కంపెనీవి, నాలుగు ఇంకో కంపెనీవి ఉంటే ఆ నాలుగింటి కోసం వేరే క్లచ్ ప్లేట్లు, వేరే ఫిల్టర్లు, వేరే మెకానిక్ కావాలి. ఖర్చు తగ్గించమంటే ముప్ఫైలో నాలుగు ఆపడు, ఆ నాలుగూ అమ్మేస్తాడు.

లెక్క వేసి చూద్దాం. ఇవి నేను అనుకున్న అంకెలు, ఏ దేశానివీ కావు. పెద్ద రకం 60 విమానాలు: రకానికి స్థిర ఖర్చు ఏడాదికి 300 కోట్లు, విమానానికి 8 కోట్ల చొప్పున 480 కోట్లు, మొత్తం 780. చిన్న రకం 20 విమానాలు: స్థిర ఖర్చు 200, విమానాలకు 160, మొత్తం 360. రెండూ కలిపి 1,140 కోట్లు. పదిహేను శాతం కోత, అంటే 171 కోట్లు మిగల్చమన్నారు.

సమానంగా కోస్తే పెద్దదాంట్లో 9, చిన్నదాంట్లో 3 పోతాయి. మిగిలేది 96 కోట్లే. ఇంకా 75 కోట్లు కావాలి. లక్ష్యం అందాలంటే మొత్తం 22 విమానాలు పోవాలి, చేతిలో రెండు రకాలూ కలిపి 58 ఉంటాయి. చిన్న రకాన్ని మూసేస్తే 20 విమానాలే పోతాయి, 360 కోట్లు మిగులుతాయి. ఒకే రకం 60 విమానాలు ఉంటాయి, పైగా 189 కోట్లు చేతిలో ఉంటాయి. ఆ డబ్బుతో విడిభాగాలు కొనొచ్చు, ఎగిరే గంటలు పెంచొచ్చు.

అమెరికాలో 2014లో రక్షణ మంత్రి చక్ హేగెల్ నేల మీద దాడికి వాడే ఏ-10 విమానాలన్నిటినీ తీసేస్తామన్నప్పుడు చెప్పిన కారణం ఇదే. ఐదేళ్లలో 350 కోట్ల డాలర్లు మిగులుతాయని, కొన్ని తీసి కొన్ని ఉంచితే వెనక ఉన్న ఏర్పాటంతా అలాగే ఉంటుంది కాబట్టి చెప్పుకోదగ్గ ఆదా రాదని అన్నారు. కాంగ్రెస్ ఒప్పుకోలేదు, ఏ-10లు ఎగురుతూనే వచ్చాయి. అంటే లెక్క సరిగ్గా ఉన్నంత మాత్రాన కోత జరిగిపోదు. ప్రతి రకానికీ ఒక బేస్, ఆ బేస్‌కు ఒక ఊరు, ఆ ఊరికి ఒక ప్రజాప్రతినిధి ఉంటారు.

పై లెక్కలో దాగిన మోసం ఒకటుంది. ఆ 360 కోట్లు మొదటి ఏడాది రావు. ఒప్పందాలు మధ్యలో ఆపితే పరిహారం కట్టాలి, మనుషులను వేరే రకానికి మార్చే శిక్షణకు ఖర్చవుతుంది, విమానాలను భద్రపరచాలి లేదా విప్పాలి. మొదటి ఏడాది మూడో వంతు మిగిలితే గొప్ప. ఈ ఏడాది బడ్జెట్ ఈ ఏడాదే సరిపోవాలని పట్టుబట్టే ఆర్థిక శాఖ ఉన్నచోట ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు అందరూ సులువైన పని చేస్తారు, ఎగిరే గంటలు కోస్తారు.

గంటలు కోయడం ఎంత సులువో అంత చెడ్డ పద్ధతి. ఇంధనం, గంటల లెక్కన అరిగే విడిభాగాలు మాత్రమే మిగులుతాయి. జీతాలు, బేస్, టెస్ట్ బెడ్ అన్నీ అలాగే ఉంటాయి. 2013 ఏప్రిల్‌లో బడ్జెట్ ఆటోమేటిక్ కోతల వల్ల అమెరికా వైమానిక దళం 17 స్క్వాడ్రన్లను నేలమీద నిలబెట్టింది. జులై మధ్యలో గంటలు తిరిగి ఇచ్చారు. నిలబెట్టిన సిబ్బందిని మళ్లీ యుద్ధ సన్నద్ధతకు తేవడానికి మామూలుగా 60 నుంచి 90 రోజుల శిక్షణ పడుతుందని వాళ్ల కంబాట్ కమాండే చెప్పింది. మూడు నెలలు ఆపితే ఇంకో మూడు నెలలు తిరిగి రావడానికే పోతాయి. పైగా నిలబెట్టిన విమానంలో సీళ్లు ఎండిపోతాయి, హైడ్రాలిక్ లీకులు మొదలవుతాయి. ఎగరని విమానానికి మరమ్మతు ఉండదనుకోవడం భ్రమ.

హారియర్ సంగతి

2010 అక్టోబరు రక్షణ సమీక్షలో బ్రిటన్ రక్షణ బడ్జెట్‌ను నాలుగేళ్లలో వాస్తవ విలువలో 8 శాతం తగ్గించింది. అప్పటికి వాళ్ల దగ్గర టైఫూన్, టోర్నాడో జీఆర్4, హారియర్ జీఆర్9 ఉన్నాయి. టోర్నాడో ఎఫ్3 అప్పటికే విరమణ దారిలో ఉంది. టైఫూన్ కొత్తది, తీసే ప్రసక్తి లేదు. మిగిలిన రెండింట్లో ఒకటి పోవాలి.

హారియర్ ఉంచాలన్నవాళ్ల వాదన గట్టిదే. విమాన వాహక నౌక మీద దిగగలిగేది అదొక్కటే. కానీ అది చిన్న ఫ్లీట్ (ఒక రకం విమానాల మొత్తం దండు). 2009లో ఆఫ్ఘనిస్తాన్ బాధ్యతను టోర్నాడోలు తీసుకున్నాయి. స్టార్మ్ షాడో క్షిపణి టోర్నాడో మీద ఉంది, హారియర్ మీద లేదు. ఆఫ్ఘనిస్తాన్‌లో కొన్ని విమానాలు నిరంతరం ఉంచుతూ, ఇంకోచోట అవసరం పడితే అక్కడికీ పంపగలిగేది పెద్ద ఫ్లీటే. అందుకే టోర్నాడో ఉంది, 2019 మార్చి దాకా సేవ చేసింది. హారియర్లు 2010 డిసెంబరు 15న కాటెస్మోర్ నుంచి చివరిసారి ఎగిరాయి. వాటిలో 72ను, విడిభాగాలతో కలిపి, 2011లో 11.6 కోట్ల పౌండ్లకు అమెరికా మెరైన్ కోర్‌కు అమ్మారు. తమ దగ్గరున్న హారియర్ రకం ఏవీ-8బీల విడిభాగాల కోసం వాళ్లు కొన్నారు.

హారియర్లు దిగే విమాన వాహక నౌక ఆర్క్ రాయల్ కూడా 2011లో సేవ నుంచి వెళ్లింది. ఆ ఏడాదే లిబియా యుద్ధం వచ్చింది. టోర్నాడోలు ఇంగ్లండ్‌లోని మార్హమ్ నుంచి బయల్దేరి, గాలిలోనే ఇంధనం నింపుకుంటూ, రానూపోనూ 3,000 మైళ్ల దాడులు చేయాల్సి వచ్చింది. నౌక మీద దిగగలిగే కొత్త ఫైటర్లు ఎఫ్-35బీలు మార్హమ్‌కు చేరింది 2018 జూన్‌లో. కొత్త విమాన వాహక నౌక క్వీన్ ఎలిజబెత్ వాటితో మొదటి పూర్తిస్థాయి యాత్రకు వెళ్లింది 2021లో. ఒక రకాన్ని మూసి కొన్ని కోట్లు మిగిల్చితే, నౌక మీద నుంచి ఫైటర్లు ఎగరేసే నేర్పు దాదాపు పదేళ్లు పోయింది. ఆ నేర్పు పూర్తిగా ఆరిపోకుండా పైలట్లను, డెక్ సిబ్బందిని మిత్రదేశాల నౌకల మీదికి పంపి కాపాడుకున్నారు.

నా అభిప్రాయం చెప్తాను. బ్రిటన్ ఎంపిక లెక్క ప్రకారం సరైనదే, వేగం మాత్రం సరైనది కాదు. అక్టోబరులో ప్రకటించి డిసెంబరులో ఆపేశారు. రకాన్ని మూయడానికి రెండున్నర మూడేళ్లు పట్టాలి. ఎందుకో కింద చెప్తాను.

న్యూజిలాండ్ ఇంకో చివరికి వెళ్లింది. 2001లో ఫైటర్ దళాన్నే రద్దు చేసింది. తన ఫైటర్లు స్కైహాక్‌లను వుడ్‌బోర్న్‌లో భద్రపరిచి అమ్మకానికి పెట్టారు. 2012 దాకా కొనుగోలు కుదరలేదు, అప్పుడు ఎనిమిదింటిని అమెరికా ప్రైవేట్ కంపెనీ డ్రాకెన్ తీసుకుంది. పాత ఫైటర్ అమ్మి డబ్బు తెస్తామని ఎవరైనా ప్రణాళికలో రాస్తే ఆ వరుసలో సున్నా వేసుకుని చూడండి. తయారీ దేశం అనుమతి లేకుండా అమ్మడం కుదరదు. కొనేవాడు కూడా చాలావరకు అప్పటికే ఆ రకం నడిపేవాడే అవుతాడు.

కెనడా మధ్య దారి పట్టింది. 1994 శ్వేతపత్రంలో ఫైటర్ ఖర్చు కనీసం 25 శాతం తగ్గించమన్నారు. సీఎఫ్-5 రకాన్ని పూర్తిగా ఎత్తేశారు, సీఎఫ్-18లలో 48 నుంచి 60 మాత్రమే పనిలో ఉంచారు. మిగతావి గంటలు పంచుకునే నిల్వగా పనికొచ్చాయి. ఆ ఫ్లీట్ అంతకాలం బతకడానికి ఇదొక కారణం. అదీ చాలక తరవాత ఆస్ట్రేలియా దగ్గర అదే రకం 18 విమానాలు, విడిభాగాలకు ఇంకో ఏడు కొన్నారు.

ఇంజిన్ లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రకం మొత్తం మూయకుండా పెద్ద ఫ్లీట్‌లో కొన్ని విమానాలు తగ్గించాల్సి వస్తే ఇంజిన్ల వైపు ఏం జరుగుతుందో చూడండి.

రెండింజిన్ల ఫైటర్లు 60 ఉన్నాయనుకుందాం. ఒక్కోటి ఏడాదికి 150 గంటలు ఎగురుతుంది. ఇంజిన్‌కు ఓవర్‌హాల్ మధ్య 1,000 గంటలు. అంటే ఏడాదికి 18,000 ఇంజిన్ గంటలు ఖర్చవుతాయి, గంటలు పూర్తయి షాపుకు వచ్చేవి 18 ఇంజిన్లు. బ్లేడ్‌కు దెబ్బ తగిలి, ఆయిల్‌లో లోహపు రవ్వలు కనపడి, లీకు వచ్చి ముందే దిగేవి వేరు.

అందులో 20 విమానాలు తీసేశారు. వాటి మీద ఉన్న 40 ఇంజిన్లు, వాటి వంతు స్పేర్ 10, మొత్తం 50 ఇంజిన్లు మన చేతికొస్తాయి. సగటున ఒక్కోదాంట్లో 350 గంటలు మిగిలి ఉంటే 17,500 గంటల నిల్వ. మిగిలిన 40 విమానాలకు ఏడాదికి కావల్సింది 12,000 గంటలు. అంటే దాదాపు ఏడాదిన్నర పాటు గంటలు పూర్తయిన ఇంజిన్లకు ఓవర్‌హాల్ డబ్బు పెట్టక్కర్లేదు. ఆర్థిక అధికారి మొహం వెలిగిపోయే అంకె ఇది.

దీని వెనక మూడు దెబ్బలున్నాయి.

ఒకటి, ఇంజిన్ మార్పులు పెరుగుతాయి. ఓవర్‌హాల్ అయిన ఇంజిన్ వెయ్యి గంటలకు ఒకసారి దిగుతుంది. ఈ మిగులు ఇంజిన్ 350కే దిగుతుంది. 17,500 గంటలకు 17 మార్పులతో పోయేది ఇప్పుడు 50 మార్పులవుతాయి. ప్రతి మార్పుకూ దించడం, ఎక్కించడం, కంట్రోళ్ల సర్దుబాటు, లీకుల తనిఖీ, గ్రౌండ్ రన్, టెస్ట్ ఫ్లైట్ ఉంటాయి. స్క్వాడ్రన్ ఇంజిన్ ఫిట్టర్ల మీద భారం మూడింతలవుతుంది, సరిగ్గా వాళ్ల సంఖ్య తగ్గించిన ఏడాదే. ఒకే విమానానికి దగ్గర దగ్గర గంటలు మిగిలిన రెండు ఇంజిన్లను జతగా ఎక్కిస్తే పని కొంత తగ్గుతుంది. ఆ జతల పట్టిక కోత ప్రకటించక ముందే సిద్ధం కావాలి.

రెండు, గంటలు ఒక్కటే చూడకూడదు. క్యాలెండర్ గడువు ఉంటుంది. టర్బైన్ డిస్కులకు సైకిళ్ల లెక్క ఉంటుంది (స్టార్టయి, పూర్తి శక్తికి వెళ్లి, మళ్లీ ఆగడం ఒక సైకిల్). 350 గంటలు మిగిలిన ఇంజిన్‌లో డిస్కుకు 90 గంటలకు సరిపడా సైకిళ్లే ఉంటే అది 90 గంటల ఇంజినే. అందుకే లాగ్‌బుక్కు, ప్రతి విభాగం లాగ్ కార్డు చూడకుండా ఏ ఇంజిన్‌కూ గంటలు రాయొద్దు. లాగ్ కార్డు పోయిన డిస్కు ఎంత మెరుస్తున్నా తుక్కే.

మూడోది అన్నిటికన్నా పెద్దది. షాపులో ముందు కరువు, తరవాత వరద. ఏడాదిన్నర పాటు పనికి డబ్బు రాదు. కానీ విమానాల నుంచి ఇంజిన్లు దిగుతూనే ఉంటాయి, షెడ్డులో పేరుకుంటూ ఉంటాయి. షాపులో పనివాళ్లను వేరే లైనుకు మారుస్తారు. బేరింగులు, సీళ్లు, బ్లేడ్ కోటింగ్ ఇచ్చే చిన్న సరఫరాదారులు ఆర్డర్లు లేక వేరే పనికి వెళ్లిపోతారు. నిల్వ గంటలు అయిపోయిన రోజున ఏడాదికి 12 ఇంజిన్ల మామూలు పని, దాని మీద పేరుకున్న బకాయి, రెండూ ఒకేసారి మీద పడతాయి. విడిభాగాల ఆర్డరు అప్పుడు పెడితే సరుకు వచ్చేసరికి ఏడాదిన్నర. ఈలోగా విమానాలు ఇంజిన్ లేక నిలబడతాయి. ఒకదాని నుంచి విప్పి ఇంకోదానికి పెట్టడం మొదలవుతుంది. ప్రతి విడిభాగానికీ పని రెండింతలు, విప్పేటప్పుడు పాడయ్యేవి అదనం.

దీనికి మందు ఒకటే. ఎంత మిగులు ఉన్నా షాపును పూర్తిగా ఆపొద్దు. పై ఉదాహరణలో ఏడాదికి 18 చేసే షాపుకు ఏడెనిమిది ఇంజిన్లయినా ఇస్తూ ఉండాలి. ఏడాదిన్నరలో వాడేసే మిగులును మూడు నాలుగేళ్ల మీద పరచాలి. మొదటి ఏడాది ఆదా తగ్గుతుంది, నాలుగో ఏడాది విమానాలు నిలబడవు.

మిగులు ఇంజిన్లను ఎలా దాచారన్నది కూడా చూడాలి. లోపల ఇన్‌హిబిటింగ్ ఆయిల్ (తుప్పు పట్టనివ్వనిది) తిప్పి, ద్వారాలన్నీ మూసి, సిలికా జెల్ సంచులతో సీలు చేసిన కవర్లో లేదా కంటెయినర్లో పెట్టాలి. తేమ సూచికను నిర్ణీత గడువులో చూస్తూ ఉండాలి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే మార్చేయాలి. అమెరికా తన పాత విమానాలను అరిజోనా ఎడారిలో డేవిస్-మోంథన్‌లో పెట్టగలుగుతుంది, అక్కడ గాలే పొడి. మా కొరాపుట్ కొండల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోడలకే చెమట పడుతుంది. ఇక్కడ షెడ్డులో సీలు ఊడిన ఇంజిన్‌ను ఒక వర్షాకాలం వదిలేస్తే కంప్రెసర్ భాగాలు, బేరింగులు విప్పి చూడకుండా ఎవరూ సంతకం పెట్టరు.

ఏ విమానాలు ఉంచాలి?

ఎక్కువ గంటలు మిగిలినవన్నీ ఉంచుకుని, తక్కువ మిగిలినవి తీసేద్దాం అనిపిస్తుంది. ఎవరికైనా ముందు తట్టేది అదే, తప్పూ అదే. ఉంచిన 40 విమానాలకూ పెద్ద సర్వీసింగ్‌కు 500 నుంచి 600 గంటలు మిగిలి ఉన్నాయనుకోండి. ఏడాదికి 150 గంటల లెక్కన అవన్నీ మూడేళ్ల నాలుగు నెలలకీ నాలుగేళ్లకీ మధ్య, అంటే ఎనిమిది నెలల వ్యవధిలో హ్యాంగర్ గుమ్మం ముందు వరుస కడతాయి. హ్యాంగర్ ఏడాదికి ఎనిమిదే చేయగలిగితే ఐదేళ్ల పని ఒక్కసారిగా వచ్చిపడినట్టు. గంటలు మెట్లు మెట్లుగా ఉండాలి. స్టాగర్ చార్టు (ఏ విమానానికి ఎన్ని గంటలు మిగిలాయో వరుసగా చూపే పటం) గీస్తే ఏటవాలు గీత రావాలి. అందుకే 50 గంటలు మిగిలినవి కొన్ని, 200వి కొన్ని, 500వి కొన్ని ఉంచుకుని, ప్రతి మెట్టు నుంచీ కొన్ని తీయాలి.

విమానం ఏ ప్రమాణంలో (స్టాండర్డ్) తయారైందో కూడా చూడాలి. పేరు ఒకటే అయినా లోపల కంప్యూటర్లు, రాడార్లు వేరైతే అది వేరే రకమే. బ్రిటన్ టైఫూన్ ట్రాంచ్ 1 (మొదటి విడత) విమానాలను 2025కల్లా తీసేస్తామని 2021లో చెప్పింది ఇందుకే. వాటి హార్డ్‌వేర్‌ను తరవాతి ప్రమాణానికి పెంచడం గిట్టుబాటు కాదు.

మూసే వరుస

చివరి రోజు నిర్ణయించి అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. పెద్ద సర్వీసింగ్‌కు పది నెలలు పడుతుంది, అది 600 గంటలిస్తుంది అనుకుందాం. అంటే నాలుగేళ్ల ఎగురుడు. చివరి రోజుకు రెండేళ్లే ఉంటే ఆ విమానాన్ని హ్యాంగర్‌లోకి తీసుకోకూడదు. ఈ ఆఖరి ప్రవేశ తేదీని కాగితం మీద పెట్టకపోతే, అలవాటుగా పంపేస్తూ ఉంటారు, కొత్తగా చేసిన విమానాలు తుక్కుకు పోతాయి.

కొత్త పైలట్లను ఆ రకానికి పంపడం రెండేళ్ల ముందే ఆపాలి. విడిభాగాల కొనుగోలు ఆపేముందు చివరి కొనుగోలు ఒకటి పెట్టాలి. చివరి ఏడాది కొరత వచ్చేది ఖరీదైన వాటికి కాదు, టైర్లు, బ్రేకులు, సీళ్లు, ఎజెక్షన్ సీటు కార్ట్రిడ్జ్‌ల లాంటి గడువున్న వాటికి. జిగ్గులు, డ్రాయింగులు, టెస్ట్ బెంచీలు చివరి విమానం దిగేదాకా కదపొద్దు. స్థలం ఖాళీ చేయమన్న ఒత్తిడి అంతకు ముందే వస్తుంది, ఒప్పుకోవద్దు.

విప్పే దశలో సీటు కార్ట్రిడ్జ్‌లు, క్యానోపీ పేలుడు తాళ్లు ముందు తీయాలి. పాత డయళ్లలో రేడియోధార్మిక పూత ఉండొచ్చు. ఎఫ్-16 లాంటి వాటిలో అత్యవసర పవర్ యూనిట్‌కు హైడ్రజీన్ ఉంటుంది, అది విషం. ఇవన్నీ అయ్యాకే విడిభాగాల సేకరణ.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది మనుషుల విషయంలో. మూసేస్తారని తెలిసిన రోజు నుంచి మంచి ఫిట్టర్లు బదిలీ అడుగుతారు. చివరి రెండేళ్లు అనుభవం తక్కువ ఉన్నవాళ్లు, పాతబడ్డ విమానాలు, విడిభాగాల కొరత, మూడూ ఒకచోట చేరతాయి. ఆ రెండేళ్లు తనిఖీల్లో ఒక్క అంశం కూడా సడలించకూడదు. కావాలంటే ఎగిరే విమానాలను తగ్గించుకోవాలి.

చిన్న ఫ్లీట్ ఒక హద్దు దాటి చిన్నదైతే ఏం చేసినా నిలబడదు. 100 విమానాల్లో 22 పెద్ద సర్వీసింగ్‌లో, 15 శిక్షణలో, 3 పరీక్షల్లో ఉంటే ముందు వరుసకు 60. అందులో ఏ రోజైనా 70 శాతం సిద్ధంగా ఉంటే 42. అదే 25 విమానాల ఫ్లీట్‌లో శిక్షణకు నాలుగు కన్నా తక్కువ పెట్టలేరు, హ్యాంగర్‌లో ఆరేడు ఉంటాయి, సిద్ధంగా దొరికేవి పది. ఇరవై నాలుగు గంటలూ రెండు విమానాలు అలర్ట్‌లో (పిలవగానే ఎగిరేలా) ఉంచాలంటే మూడు షిఫ్టులకు ఆరుగురు పైలట్లు, సెలవులు, శిక్షణ కలిపితే పది పన్నెండు మంది కావాలి. అలర్ట్ తప్ప ఇంకేమీ చేయలేని దళం అవుతుంది.

మన దగ్గర

భారత వైమానిక దళానికి మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 వీడ్కోలు తరవాత 29 మిగిలాయి. ఆ 29లోనే సుఖోయ్-30, రఫాల్, మిరాజ్-2000, మిగ్-29, జాగ్వార్, తేజస్ అని ఆరు రకాలు. రకాలు ఎక్కువ, ఒక్కోదాంట్లో విమానాలు తక్కువ. పై లెక్క ప్రకారం ఇది ఖరీదైన పొందిక. అయినా ఇక్కడ రకం మూయడం కుదరదు, ఎందుకంటే సంఖ్యే తక్కువ. మిగ్-21ను అంతకాలం నడపాల్సి వచ్చింది కూడా బదులు విమానం ఆలస్యమవడం వల్లే. 83 తేజస్ మార్క్-1ఏలకు ఒప్పందం 2021 ఫిబ్రవరిలో జరిగింది. వాటి కోసం ఆర్డరిచ్చిన 99 ఎఫ్404 ఇంజిన్లలో మొదటిది వచ్చింది 2025 మార్చిలో. పాత రకం చివరి తేదీని కొత్త రకం వాగ్దాన తేదీకి కట్టకూడదు. కొత్త రకం మొదటి స్క్వాడ్రన్ నిజంగా చేతికి అందిన తేదీకి కట్టాలి.

ఇక సునాబెడా సంగతి. 1964లో మిగ్-21 ఇంజిన్ల కోసం మొదలైన చోటు అది. అక్కడ నడిచిన ఇంజిన్లు మిగ్-21కు ఆర్-11, ఆర్-25, మిగ్-27కు ఆర్-29బీ, తరవాత మిగ్-29కు ఆర్‌డీ-33, సుఖోయ్‌కు ఏఎల్-31ఎఫ్‌పీ. 2019 డిసెంబరులో మిగ్-27, 2025లో మిగ్-21 వెళ్లిపోయాక ఆ పాత లైన్లకు పని లేదు. కానీ 2024 మార్చిలో ఆర్‌డీ-33లకు 5,249.72 కోట్ల రూపాయల ఒప్పందం, సెప్టెంబరులో 240 ఏఎల్-31ఎఫ్‌పీలకు 26,000 కోట్లకు పైగా ఒప్పందం వచ్చాయి. ఆ 240ని ఎనిమిదేళ్లలో ఇవ్వాలి, అంటే ఏడాదికి 30.

కొత్త సుఖోయ్‌లు పెద్దగా రాకుండా అన్ని ఇంజిన్లు ఎందుకని అడగొచ్చు. ఏఎల్-31ఎఫ్‌పీకి ఓవర్‌హాల్ మధ్య 1,000 గంటలు, మొత్తం జీవితం 2,000 గంటలు. సుమారు 260 విమానాలు ఒక్కోటి ఏడాదికి 150 గంటలు ఎగిరాయనుకుంటే 78,000 ఇంజిన్ గంటలు. రెండు వేలతో భాగిస్తే ఏడాదికి 39 ఇంజిన్ల జీవితం హరించుకుపోతుంది. విమానం ఒకటే ఉన్నా ఇంజిన్లు మారుతూనే ఉంటాయి. అందుకని ఫ్లీట్‌ను కొంత కోసినా ఇంజిన్ షాపు మూతపడదు. పైన చెప్పిన కరువు, వరద మాత్రం తప్పవు.

మీరు డిప్లొమా తరవాత ఇటు రావాలనుకుంటే ఒక ఇంజిన్ రకానికే పనికొచ్చే అసెంబ్లీ నైపుణ్యంతో ఆగిపోవద్దు. రోటర్ బ్యాలెన్సింగ్, పగుళ్లు పట్టే ఫ్లోరోసెంట్ పెనట్రెంట్, ఎడ్డీ కరెంట్ తనిఖీలు, ఎలక్ట్రాన్ బీమ్ వెల్డింగ్, బ్లేడ్ కోటింగ్ లాంటివి ఏ ఇంజిన్ వచ్చినా కావాలి. లైన్ మూసినప్పుడు ముందు మిగులుగా తేలేది ఒకే రకం బిగించడం తెలిసినవాళ్లు. పెనట్రెంట్, ఎడ్డీ కరెంట్ సర్టిఫికెట్ రెండూ ఉన్నవాళ్లను పక్క లైను వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.